నాకు అనుకూలంగా వచ్చిన ఉత్తర్వును రద్దు చేయమని మనవి

సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా చెల్లెలిని వసతి గృహానికి పంపనవసరం లేదనియు, ఆమె సంరక్షణ, నివాసముల నిర్ణయం నాదేననియు గత నెల పద్దెనిమిదో తారీఖున తమరు దయచేసిన ఉత్తర్వును రద్దుపరచి, ఆమెను తిరిగి విచారించవలసిందిగా కోరుతూ, సదరు ఉత్తర్వు వల్ల లాభం పొందిన అన్న సమర్పించుకొను అర్జీ.

తమరి బల్ల మీదికి వచ్చే అర్జీలు చాలావరకు ఓడిపోయినవాళ్ళవై ఉంటాయి. ఇది గెలిచినవాడిది. ఆ కారణంగా దీన్ని పక్కన పెట్టవద్దని మొదటే వేడుకుంటూ, జరిగినది జరిగినట్టు మనవి చేసుకుంటున్నాను.

1. నేను బోర్డులు రాసే పనివాడను. దుకాణాల పేర్లు, బండ్ల నంబర్లు, ఆసుపత్రి గోడల మీద బాణం గుర్తులు రాసి బతుకుతున్నాను. వయస్సు ముప్పై ఎనిమిది. పెళ్ళి కాలేదు. నాన్న పోయి పదకొండేళ్ళయింది. ఇంట్లో అమ్మ, నేను, చెల్లెలు. చెల్లెలికి ఇరవై ఆరేళ్ళు. పుట్టిన గంటలోనే ఊపిరందక మెదడుకు దెబ్బ తగిలింది. చేతులూ కాళ్ళూ బిగుసుకుని ఉంటాయి, చెప్పిన మాట వినవు. మెడ నిలవదు. నోట మాట లేదు. తెలివి మాత్రం మా ముగ్గురిలో ఆమెకే ఎక్కువ. ఇది ప్రేమకొద్దీ రాస్తున్న మాట కాదు, మూడో పేరాలో రుజువు చూపుతాను. ఫైలులో ఆమెకు పొడుగాటి పేరున్నది. ఇంట్లో పిచ్చుక అంటాము.

2. పద్ధతి ప్రకారం ఈ కాగితం గుమాస్తా గారి ద్వారా తమరికి చేరాలి. అలాగే ప్రయత్నించాను. మూడుసార్లు కచేరీకి వచ్చాను. మొదటిసారి ఆయన ఫైలు తిరగేసి, "మీకు అనుకూలంగానే వచ్చింది కదండీ, మళ్ళీ ఏంటి?" అన్నారు.

"తప్పుగా వచ్చిందండి."

"ఎవరికి తప్పు?"

"మా చెల్లెలికండి."

"ఆవిడ తరఫు మనిషెవరు?"

"నేనేనండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "అంటే మీరు మీ మీదే అప్పీలు చేసుకుంటారా?" అన్నారు. పక్క బల్ల ఆయన కూడా కుర్చీ జరుపుకుని వచ్చి విన్నారు. ఓడిపోయినవాళ్ళకి ఫారం ఉన్నదట, గెలిచినవాళ్ళకి లేదట. రెండోసారి వెళితే, "ఇంటికెళ్ళి హాయిగా ఉండండి బాబూ, కోరుకున్నది దొరకడం ఎంతమందికి రాసిపెట్టి ఉంటుంది?" అని మంచిమాటే చెప్పారు. మూడోసారి నన్ను చూడగానే టీకి లేచిపోయారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఫారం లేని బాధతో వచ్చినవాణ్ణి ఎవరు మాత్రం ఏం చేస్తారు?

3. నా చెల్లెలు చదవగలదు, రాయించగలదు. ఎలాగో తమరికి తెలియాలి, ఎందుకంటే విచారణ రోజున నేను తెలియనివ్వలేదు. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు నేను ఒక పలుచని చెక్క మీద తెల్లరంగు వేసి అక్షరాల పలక తయారుచేశాను. పై వరసలో అచ్చులు. కింద క వరస, చ వరస, ట వరస, త వరస, ప వరస, చివర య నుంచి ళ వరకు మిగిలినవి. అడుగున గుణింతం గుర్తులు. ఒక మూల 'ఒత్తు' అని ఒక గడి, 'తప్పు' అని ఒకటి, 'అయిపోయింది' అని ఒకటి. నేను వేలితో ఒక్కొక్క వరసే చూపిస్తూ పోతాను. కావలసిన వరస వస్తే ఆమె కళ్ళు పైకెత్తుతుంది. తరువాత ఆ వరసలో అక్షరం, తరువాత గుణింతం. కళ్ళెత్తితే అవును, కళ్ళు మూస్తే కాదు. ఒంట్లో ఆమె మాట వినేవి ఆ రెండు కళ్ళే. అయితే కళ్ళు ఎత్తడానికి ముందు మెడ నిమ్మళించాలి. అందుకని ఒక మాటకు పది నిమిషాలు పడుతుంది. కొత్తవాళ్ళు చూస్తూ ఉంటే ఇంకా ఎక్కువ.

మొదట్లో నేను, "ఒత్తులు వదిలెయ్యవే, నాకు అర్థమవుతుందిగా," అనేవాణ్ణి. ఒప్పుకునేది కాదు. 'అమ' అని రాసి ఊరుకుంటే 'తప్పు' గడి వచ్చేదాకా కళ్ళు మూసుకునే ఉండేది. 'అమ్మ' అయితేనే అమ్మ. నేను ఏ బోర్డు రాసినా ముందు కాగితం మీద నమూనా వేసి ఆమెకు చూపించాల్సిందే. ఇన్నేళ్ళలో నేను ఊరి మీద వదలబోయిన తప్పులు ఎన్ని ఆపిందో లెక్క లేదు. ఒకసారి బడికి 'విద్యార్థులు' రాయమంటే థ ఒత్తు మరిచిపోయాను. ఆ పూట నన్ను చూసి ఆమె కళ్ళు మూసినంత కోపంగా ఏ పంతులూ నన్ను చూడలేదు.

4. మా ఇంటికి వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ అమ్మాయి వస్తుంది. ఆరు నెలల కిందట ఆ అమ్మాయి చెల్లెలికి ఒక వసతి గృహం గురించి చెప్పింది. ఎనిమిది మంది ఉంటారు, అందరూ ఇలాంటివాళ్ళే, సాయానికి మనుషులుంటారు. కళ్ళ కదలికతో నడిచే కంప్యూటరు ఉన్నది. పాఠ్యపుస్తకాల ప్రెస్సువాళ్ళు అచ్చుతప్పులు దిద్దే పని వాళ్ళకు ఇస్తారు. అమ్మ మందుల దుకాణానికి, నేను పనికి వెళ్ళిన సమయాల్లో వీళ్ళిద్దరూ పలక పెట్టుకుని నాలుగు వారాలు కష్టపడి తమరికి దరఖాస్తు రాశారు. అది ఐదు వాక్యాలు. తమరి ఫైలులో ఉన్నది. ఒక్క ఒత్తు కూడా తప్పిపోలేదు.

విచారణ నోటీసు వచ్చాకే మాకు తెలిసింది. అమ్మ ఆ కాగితం పట్టుకుని మంచం పట్టె మీద కూలబడింది. "నేనేం తక్కువ చేశానే పిచ్చుకా?" అంటూ అదే మాట పదిసార్లు అడిగింది. నేను థెరపీ అమ్మాయిని గుమ్మం బయటే నిలబెట్టి, అనకూడని మాటలు అన్నాను. తరువాత అభ్యంతరం రాసి, అమ్మ చేత సంతకం పెట్టించి, నేనూ పెట్టి తమరికి ఇచ్చాను.

మా భయం ఉత్తిది కాదు. చెల్లెలికి తొమ్మిదేళ్ళప్పుడు జ్వరంతో ఆసుపత్రిలో ఉండగా, అమ్మ మొహం కడుక్కోవడానికి వెళ్ళిన ఐదు నిమిషాల్లో ఒక ఆయా మంచిదనుకుని, పడుకోబెట్టే నోట్లో ముద్ద పెట్టింది. గొంతులో అడ్డం పడింది. అమ్మ తిరిగి వచ్చేసరికి బిడ్డ నీలంగా ఉన్నది. డాక్టరు పరుగున వచ్చి బతికించారు. ఆ రోజు నుంచి పదిహేడేళ్ళు, ఒక్క పూట కూడా మరొకరి చేతి ముద్ద నా చెల్లెలి నోటికి పోలేదు. నా చేతిది కూడా. అమ్మ ఏ పెళ్ళికీ, ఏ చావుకూ భోజనం వేళ దాటి ఉండలేదు. ఇప్పుడు అమ్మకు యాభై తొమ్మిది. నడుముకు బెల్టు పెట్టుకుంటుంది. మూడు నెలల కిందట స్నానాల గదిలో చెల్లెలిని లేపబోయి ఇద్దరూ కలిసి పడ్డారు. నేను పని నుంచి వచ్చేదాకా, గంటన్నర, తడి నేల మీద ఒకరి మీద ఒకరు అలాగే ఉన్నారు.

5. విచారణ దినమున సదరు వికలాంగురాలికి తగిన అవకాశము కల్పించబడినప్పటికిన్నీ, ఆమె సంకేతములు స్పష్టముగా లేనందునను, ఆందోళనకు లోనైనందునను, ఆమె అభిప్రాయము సేకరించుట సాధ్యపడలేదు.

6. పై పేరా నిన్ననే రాశాను. ఈ పూట మళ్ళీ చదువుకున్నాను. అది అబద్ధం. కొట్టివేయకుండా అలాగే ఉంచుతున్నాను, నేను ఎంత చక్కగా అబద్ధం రాయగలనో తమరు చూడాలి కనుక. ఇప్పుడు నిజం రాస్తాను.

తమరి గది మేడ మీద ఉన్నది. లిఫ్టు లేదు. ఇరవై రెండు మెట్లు ఆమెను ఎత్తుకుని ఎక్కాను. ఎక్కేసరికి ఆమె ఒళ్ళు కట్టెలా బిగిసింది. ఆ రోజు తమరి ముందు ఇరవై మూడు కేసులు ఉన్నాయి, మాది పంతొమ్మిదోది. తమరు దయగానే అడిగారు. "ఏమ్మా, ఇంట్లో ఉంటావా, అక్కడికి వెళ్తావా?" అన్నారు. నాతో, "పలక చూపించవయ్యా," అన్నారు. తరువాత వేరే ఫైలులో సంతకాలు పెట్టుకుంటూ ఉన్నారు.

నేను వేలు పై వరస మీద పెట్టాను. 'ఇంట్లో' అనాలన్నా, 'ఉంటాను' అనాలన్నా అక్కడే మొదలుకావాలి. ఆమె కళ్ళు ఎత్తలేదు. నా వేలు ఆ వరస మీద ఉండవలసినదానికంటే చాలాసేపు ఉన్నది. ఎత్తలేదు. తరువాత ఒక్కొక్క వరసే దిగుతూ వచ్చాను. చివరి వరసలో ఎత్తింది. వ. గుణింతంలో ఎత్వం. 'వె'. మళ్ళీ చివరి వరస. ళ. తరువాత 'ఒత్తు' గడి.

అయ్యా, తమరు తెలుగు బాగా తెలిసినవారు. 'వెళ్' దాకా వచ్చిన మాట రెండు దారుల్లో పోవచ్చు. ఒత్తు ళ అయితే 'వెళ్ళను'. ఒత్తు త అయితే 'వెళ్తాను'. నేను దేవుణ్ణి తలుచుకున్నాను. క వరస చూపించాను, ఎత్తలేదు. చ వరస, ఎత్తలేదు. ట వరస, ఎత్తలేదు. త వరస మీదికి వేలు వచ్చింది. ఆమె మెడ వణికింది, నిమ్మళించింది, కళ్ళు పైకి లేచాయి. నావైపు సూటిగా చూసింది. పొరపాటు పడే అవకాశం లేదు.

అదే సమయానికి తమరు తల ఎత్తి, "ఏమంటోంది?" అని అడిగారు.

నేను పలక తిప్పేసి చంకలో పెట్టుకున్నాను. "ఏం లేదండి. కంగారుపడుతోంది. ఇంక చెప్పదండి," అన్నాను.

తమరు గడియారం చూసి, 'అభిప్రాయం చెప్పగల స్థితిలో లేదు' అని రాశారు. రాసింది తమరి కలం. రాయించింది నేను.

7. ఆ మాట చెప్పిన క్షణంలో నా చెల్లెలి ముఖం నేను చూడలేదు. చూడకుండానే ఎత్తుకుని మెట్లు దిగాను.

8. మరునాడు పలక తీస్తే కళ్ళు మూసుకుంది. సాయంత్రం తీశాను, మూసుకుంది. ఆ మరునాడూ అంతే. ముద్ద పెడితే తినేది, మంచినీళ్ళు తాగేది. పలక కనబడితే కళ్ళు మూతపడేవి. అమ్మ జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది, దిష్టి అనుకుంది. "ఉత్తర్వు వచ్చింది కదా, ఇంక నిశ్చింతగా ఉండవే తల్లీ," అంటూ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచింది. నాకు తెలుసు అది జ్వరం కాదని. అమ్మతో చెప్పలేదు. అలా తొమ్మిది రోజులు. ఇరవై ఆరేళ్ళలో ఆ ఇంట్లో మాట లేకపోవడం ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది. అంతకుముందు ఆమెకు నోరు లేదని అనుకునేవాళ్ళం గాని, ఇంట్లో మాట లేదని ఎప్పుడూ అనిపించలేదు.

9. తొమ్మిదో రోజున కళ్ళజోళ్ళ దుకాణానికి బోర్డు రాశాను. నమూనా ఎవరికీ చూపలేదు. నిచ్చెన దిగి బ్రష్షులు కడుగుతూ ఉంటే దుకాణం ఆయన రోడ్డు అవతల నుంచి చూసి పకపకా నవ్వుతూ వచ్చాడు. "ఏమయ్యా, కళ్ళద్దాలు అని రాయమంటే కళ్ళదాలు అని రాశావు. ముందు నువ్వు కూర్చో, నీ కళ్ళు పరీక్ష చేస్తాను," అన్నాడు. దారినపోయేవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. నడివీధిలో, చేతికి ఎర్రరంగుతో, మీసాలున్న మగవాణ్ణి. ఆయన కంగారుపడి, "పోనీలేవయ్యా, ఒక ఒత్తే కదా," అన్నాడు.

ఇంటికి వెళ్ళి చెల్లెలి కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను. పలక తీయలేదు.

"నేను చూశానే," అన్నాను. "ఆ రోజు త వరస దగ్గర నువ్వు కళ్ళెత్తడం చూశాను. చూసే పలక తిప్పేశాను."

కళ్ళు తెరిచింది. నేను పలక తెచ్చాను. ఎనిమిది నిమిషాలు పట్టింది. 'తెలుసు' అన్నది.

"తిట్టవే," అన్నాను.

తిట్టలేదు. 'ఎందుకు' అని అడిగింది.

"భయమేసింది. అక్కడ నీకు ఏమన్నా అయితే అని."

కళ్ళు మూసింది. కాదు అని. ఆమె ముందు నేను అబద్ధం చెప్పలేకపోవడం చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఇంకా లోపలికి వెతుక్కున్నాను. సంబంధాలు చూసినవాళ్ళకి, దూరపు పని ఇస్తామన్నవాళ్ళకి, రమ్మన్న స్నేహితులకి, అందరికీ నేను ఇన్నాళ్ళూ చెప్పిన జవాబు ఒక్కటే. చెల్లెలు ఉంది కదండీ. ఆ మాట తీసేస్తే నా దగ్గర ఏ జవాబూ లేదు.

"నువ్వెళ్ళిపోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదే," అన్నాను.

అప్పుడు కళ్ళెత్తింది. అవును అని. చాలాసేపు ఎత్తే ఉంచింది.

10. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉన్నది. అంతా విన్నది. గరిటె చేతిలో ఉన్నది, కింద పెట్టడం కూడా మరిచిపోయింది. నా మీద కేకలు వేస్తుందనుకున్నాను. నన్ను చూడనే లేదు. చెల్లెలి దగ్గరికి వచ్చి, "నా నడుము కోసమేనా ఇదంతా? బాత్రూంలో పడ్డామనా? బెల్టు పెట్టుకుంటున్నాగా. బాగానే ఉన్నాగా. నీ బరువు నాకు బరువేమిటే?" అన్నది.

చెల్లెలు పలక వంక చూసింది. నేను వేలు పెట్టాను. కా. దు. ఆగింది. మెడ ఒకవైపు లాగేసింది, అమ్మ చెయ్యి వేయబోయి ఆగిపోయింది. పావుగంట. నా. కో. సం. 'అయిపోయింది' గడి.

కాదు, నా కోసం.

అమ్మ ఆ మాట చదువుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మూడు రోజులు మాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్నే బట్టలు మార్చుకుని వచ్చి, "ఆటో పిలువు. వాళ్ళు తిండి ఎలా పెడతారో నేను చూడాలి. చూశాక వద్దంటే మాత్రం ఇంక ఎవరూ నోరెత్తకూడదు," అన్నది.

11. వసతి గృహానికి మధ్యాహ్నం భోజనం వేళకు చేరాము. వీధి వైపు వాలు దారి ఉన్నది, మెట్లు లేవు. లోపల పొడుగాటి గది, కిటికీల పక్కన మూడు బల్లలు. ఒకతను కాళ్ళతో టైపు చేస్తున్నాడు. ఒకావిడ తెర మీద అక్షరాలను కళ్ళతో నొక్కుతోంది. నా చెల్లెలు ఆ తెర వంకే చూస్తూ ఉండిపోయింది. దుకాణంలో చీర చూసిన ఆడపిల్లను తమరు చూసే ఉంటారు, అలాగ.

సాయం చేసే ఆవిడ నడివయసు మనిషి. కుర్చీ సరిచేసి, తల వెనక దిండు పెట్టి, ఎదురుగా కూర్చుంది. అమ్మ ఆమె భుజం పక్కనే నిలబడింది, ఊపిరి తగిలేటంత దగ్గర. "నిటారుగా. ఇంకా నిటారుగా. గడ్డం కిందికి," అంటూ ఉన్నది. ఆవిడ విసుక్కోలేదు. "సరేనమ్మా, ఇలాగా?" అంటూ చేసింది. మొదటి చెంచా పోయింది. రెండోది. అమ్మ పెదవులు కూడా చెంచాతో పాటు కదులుతున్నాయి. ఆరోదో ఏడోదో చెంచాకు చెల్లెలికి పొలమారింది.

అయ్యా, ఆ దగ్గు నాకు ఇప్పటికీ వినబడుతున్నది. ముఖం ఎర్రబడింది, ఒళ్ళంతా బిగిసింది. అమ్మ, "జరుగు!" అని అరిచి ఆవిడ చేతిలో చెంచా లాక్కోబోయింది. అప్పుడు నా చెల్లెలు అంత దగ్గులోనూ అమ్మ వైపు తిరిగింది. తిరిగి, కళ్ళు మూసింది. గట్టిగా మూసింది. వద్దు.

అమ్మ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. అమ్మను అలా ఆపగలిగిన మనిషి ఇంకెవరూ లేరు, నాన్న కూడా ఆపలేకపోయేవాడు. సాయం చేసే ఆవిడ తొణకకుండా చెల్లెలిని ముందుకు వంచి, వీపు మీద చెయ్యి వేసి, "రానీ, రానీ, నిదానంగా," అంటూ పట్టుకుంది. రెండు దగ్గులు. మూడో దగ్గుకు తేరుకుంది. ఊపిరి వచ్చింది. ఆవిడ చెల్లెలి కళ్ళనీళ్ళు తుడిచి, "ఇంకోటి తింటావా, చాలా?" అని అడిగింది. చెల్లెలు కళ్ళెత్తింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నది.

అమ్మ వరండాలోకి వెళ్ళి, గోడకు ఆనుకుని నిలబడింది. నేను పక్కకు వెళ్ళాను. "ఇంట్లో కూడా పొలమారుతుంది," అన్నది నావైపు చూడకుండా. "నీకు చెప్పలేదు. నెలకి మూడు నాలుగు సార్లు. నా చేతుల్లో కూడా." నడుము బెల్టు సర్దుకుని, "ఆవిడ బాగానే పట్టుకుంది," అన్నది.

అక్కడి వార్డెన్ గారు మంచిమాట చెబుతూనే గడువు కూడా చెప్పారు. చెల్లెలి పేరున ఆపిన గది ఈ నెల ముప్పయ్యో తారీఖు వరకే. ఆ తరువాత వరసలో ఉన్నవాళ్ళకు ఇవ్వక తప్పదట. కానీ తమరి ఉత్తర్వులో 'అభిప్రాయం చెప్పగల స్థితిలో లేదు' అని ఉండగా, ఆమె ఇష్టం మీద చేర్చుకోవడం వాళ్ళ నిబంధనలకు కుదరదు. సంరక్షకుడిగా నేను సంతకం పెడితే చేర్చుకోవచ్చునట. ఆ మాట విన్నప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి రాగానే చెల్లెలితో, "ఇంత సులువే. నేను సంతకం పెట్టేస్తాను. రేపే వెళ్ళిపోదువుగాని," అన్నాను.

కళ్ళు మూసింది.

ఆ రోజు అరగంట పైన పట్టింది. 'నేను చెప్పాలి' అన్నది.

12. ఇవాళ ఇరవయ్యో తారీఖు. కావున ఈ కింది విధంగా ప్రార్థిస్తున్నాను.

(అ) సదరు ఉత్తర్వును రద్దు చేసి, ముప్పయ్యో తారీఖు లోపల నా చెల్లెలిని తిరిగి విచారించాలి. మేడ మీద కాకుండా కింది అంతస్తులో ఏ గదిలోనైనా సరే, రికార్డుల గదిలోనైనా సరే.

(ఆ) ఆమెకు గంటకు తక్కువ కాకుండా సమయం ఇవ్వాలి. ఇరవై మూడు కేసుల మధ్య గంట అంటే ఎంతో నాకు తెలుసు. మమ్మల్ని చిట్టచివర పిలవండి, ఉదయం నుంచి కూర్చుంటాము.

(ఇ) పలక పట్టుకునే మనిషి నేను కాకూడదు. అమ్మ కూడా కాకూడదు. ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగాను. నేను గుమ్మంలో అన్న మాటలన్నీ మరిచిపోయినట్టు నటించి, వస్తానన్నది. తమరికి ఆ అమ్మాయి మీదా నమ్మకం లేకపోతే గుమాస్తా గారినే పట్టుకోమనండి. నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. నన్ను బయట కూర్చోబెట్టండి.

(ఈ) 'అభిప్రాయం చెప్పగల స్థితిలో లేదు' అన్న వాక్యాన్ని ఫైలులో నుంచి తీసివేయాలి. ఆమె రేపు బ్యాంకుకు వెళ్ళినా, ఓటుకు వెళ్ళినా, డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆ వాక్యం ఆమెకంటే ముందు వెళ్ళి కూర్చుంటుంది.

(ఉ) విచారణలో తప్పుడు మాట చెప్పినందుకు నా మీద ఏ చర్య తీసుకున్నా సమ్మతమే. ఆ చర్య మాత్రం ముప్పయ్యో తారీఖు తరువాత మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాను. మంచమూ బీరువా అక్కడికి చేర్చేందుకు ఇంట్లో ఇంకో మగదిక్కు లేదు.

ఈ అర్జీని నిన్నా ఇవాళా ఆమెకు చదివి వినిపించాను. ఆరో పేరా చదివేటప్పుడు మధ్యలో ఆగాను. ఆమె కళ్ళెత్తింది, చదవమని. చివరిదాకా చదివాను. ఇందులో నిజం కానిది ఐదో పేరా ఒక్కటే. మిగిలినదంతా నా ఎరుకలో జరిగినది. తమరు పెద్దమనసుతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
తమరి ఉత్తర్వును దాచుకోలేక తిరిగి తెచ్చిన అన్న

తా.క. అయ్యా, కవరు అంటించబోతుంటే అమ్మ వచ్చి ఆపింది. తన మాటలు కూడా రాయమన్నది. అర్జీలో ఇలాంటివి రాయరమ్మా అన్నాను. "ఆయన చదువుతాడో లేదో నీకేం తెలుసు, నువ్వు రాయి," అన్నది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"అయ్యా, మా అమ్మాయిని అక్కడికి పంపేటట్టయితే ఈ సంగతులు కూడా మీ కాగితంలో రాయించండి. ఎడం పక్కకి పడుకోబెడితేనే నిద్రపోతుంది. కుడి పక్కకి తిప్పితే పళ్ళు కొరుకుతుంది. ఉరిమితే చెయ్యి పట్టుకోవాలి, మాట్లాడక్కర్లేదు, పట్టుకుంటే చాలు. తల దువ్వేటప్పుడు చెవి వెనక తగిలితే ఒళ్ళు బిగుస్తుంది. ఇంకోటి బాబూ, ఇది మాత్రం పెద్ద అక్షరాలతో రాయించండి. మా అమ్మాయి భయమేసినా నవ్వుతుంది. అందరూ సంతోషమనుకుంటారు. అది వేరే నవ్వు. కళ్ళ దగ్గర తెలుస్తుంది. మొదటి రోజున చాలా నవ్వుతుంది. అప్పుడు ఎవరన్నా ఒకళ్ళు దాని పక్కన కూర్చోవాలి."